షుగరు జబ్బు – గుండె రక్షణ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము, ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా ఇది ఇంటింటి సంగతి కనుక నాలుగు మాటలు చెబుతాము.

షుగరు అనగానే కాలిపుండు, కంటిచూపు గుర్తుకొస్తాయి. కాని ఈ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బే. పైగా నరాలు మొద్దుబారడం వల్ల కొందరికి గుండెపోటులో నొప్పే తెలియదు. ఆయాసం, చెమటలు, నీరసం ఉన్నట్టుండి వస్తే "గ్యాసులే" అని సోడా తాగి కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇక తిండి. మన గుంటూరు మిరపకాయను నిందించనక్కర్లేదు. తప్పంతా పచ్చడిలోని ఉప్పుది, పైన తేలే నూనెది. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కంచంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పో చేపో, మిగిలిన పావే అన్నం. జొన్నరొట్టె అయినా కొలత కొలతే. దావతులో బిర్యానీ మానమంటే ఎవరూ వినరు. ఒక్కసారే, కొద్దిగా వడ్డించుకుందాం. దాల్చాలో సొరకాయ ముక్కలు ఎక్కువ వేసుకుందాం. డబల్ కా మీఠా వాసనతో సరిపెట్టుకుందాం.

పత్తి చేలో, మిరప తోటలో ఒళ్ళు వంచేవారికి వ్యాయామం చెప్పనక్కర్లేదు. దుకాణంలో, కుట్టుమిషను ముందు కూర్చునేవారు రోజుకు అరగంట, వారానికి 5 రోజులు చురుగ్గా నడవాలి. ఇన్సులిన్ వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోవాలి. రోజాకు ముందు డాక్టరు సలహా తప్పనిసరి.

ఒక హెచ్చరిక. అమెరికాలో 5 వేలమందికి పైగా షుగరు రోగులను సుమారు పదేళ్ళు పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించారు. పథ్యం, వ్యాయామం గట్టిగా పాటించినవారికి బరువు, షుగరు తగ్గాయి గాని, గుండెపోట్లు మిగతావారికంటే తగ్గలేదు. కనుక నడుస్తున్నాం కదా అని బి.పి., కొలెస్ట్రాలు మాత్రలు మానరాదు. మానవలసింది బీడీ, సిగరెట్టు.

మరి పథ్యం దండగా? కాదు. చైనాలోని దాచింగ్‌లో షుగరు అంచున ఉన్నవారిచేత 1986 నుంచి ఆరేళ్ళు ఇవే పాటింపజేశారు. 30 ఏళ్ళ తర్వాత చూస్తే వారిలో గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి. అంటే జబ్బు ముదరకముందే, ఇంట్లో పడుచువాళ్ళతోనే మొదలుపెట్టాలి.

చివరిగా ఒక మనవి. మగవాళ్ళకు బజారుంది, మస్జిదు దారి ఉంది. మన తల్లులు, అక్కచెల్లెళ్ళు ఎక్కడ నడవాలి? ఏదైనా బడి ఆవరణలో రోజూ తెల్లవారి ఒక గంట ఆడవాళ్ళకే కేటాయించేలా సంఘం పూనుకోవాలి. ఖర్చు లేని పని, ప్రాణాలు నిలిపే పని.

శెలవు.