బరువు తగ్గాక పెళ్లి పీటల దాకా: వీపుకు బలం ఎలా?



ఈ రోజు మనం వీపు పైభాగం గురించి మాట్లాడుకుందాం. "ఇదేమన్నా జబ్బా సిస్టరుగారూ, దీనికి కూడా మీటింగు పెట్టాలా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కానీ ఇది అడిగే ఆడపిల్లలు ఈ మధ్య మా ఓపీలో ఎక్కువయ్యారు. కష్టపడి 20 కిలోలో, 30 కిలోలో తగ్గుతారు. పెళ్లి కుదురుతుంది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి టైలరు దగ్గరికి వెళతారు. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటే చంకల వెనుక చర్మం మడతలు పడి, భుజాలు ముందుకు వాలి కనిపిస్తాయి. "ఇంకా కొవ్వు ఉంది, ఇంకా తగ్గాలి" అనుకుని అన్నం మానేస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వీపుకు ఏమైంది?

మీ వీపు మీద కనిపించేది అంతా కొవ్వు కాదు. అందులో మూడు సంగతులు ఉన్నాయి.

మొదటిది చర్మం. ఏళ్ల తరబడి సాగిన చర్మం, లోపలి కొవ్వు కరిగినంత త్వరగా ముడుచుకోదు. వయసు తక్కువైతే, కొద్దికొద్దిగా తగ్గి ఉంటే కొంతవరకు దగ్గరకు వస్తుంది. చాలా ఎక్కువ బరువు తగ్గినవారికి కొంత వదులు మిగిలిపోతుంది. ఏ నూనె రాసినా, ఏ క్రీము రాసినా అది పూర్తిగా పోదు. వ్యాయామంతో కూడా పోదు. ఇది మీ తప్పు కాదు.

రెండవది కండ. బరువు తగ్గేటప్పుడు కొవ్వు ఒక్కటే కరగదు, దానితో పాటు కండ కూడా కరుగుతుంది. వ్యాయామం లేకుండా, మాంసకృత్తులు సరిగా తినకుండా తగ్గినవారికి ఈ నష్టం ఎక్కువ. భుజాల వెనుక పలకల్లాంటి రెండు ఎముకలు ఉన్నాయి కదా, వాటిని రెక్క ఎముకలు అంటాం. వాటిని వెనక్కి లాగి పట్టుకునే కండలు బలహీనమైతే భుజాలు ముందుకు వాలతాయి, వీపు గూనిగా కనిపిస్తుంది.

మూడవది మిగిలిన కొవ్వు. ఒక్క వీపు మీదే కొవ్వు కరిగించే వ్యాయామం ఏదీ లేదు. ఒళ్లంతా తగ్గినప్పుడే అక్కడా తగ్గుతుంది.

కాబట్టి మన చేతిలో నిజంగా ఉన్నది రెండవది, అంటే కండ. దాన్ని తిరిగి పెంచుకోవచ్చు. కండ నిండితే పైన చర్మం కొంత నిండుగా కనిపిస్తుంది, నడుము నిటారుగా నిలుస్తుంది. కానీ కండ పెరగాలంటే తినాలి. పస్తులుంటే ఉన్నది కూడా పోతుంది.

ఏ వ్యాయామాలు చేయాలి?

జిమ్ముకు వెళ్లక్కరలేదు. ఒక గోడ, ఒక కుర్చీ, రెండు నీళ్ల సీసాలు చాలు. వారానికి 2 లేక 3 రోజులు, రోజు విడిచి రోజు చేయండి. ముందు 5 నిమిషాలు నడిచి, చేతులు తిప్పి ఒళ్లు వేడెక్కనివ్వండి.

1. రెక్కలు దగ్గరకు చేర్చడం: నిటారుగా కూర్చుని రెండు రెక్క ఎముకలను వెనుక ఒకదానికొకటి తాకించబోతున్నట్టు దగ్గరకు లాగండి. 5 అంకెలు లెక్కపెట్టి వదలండి. భుజాలు చెవుల వైపు ఎత్తకూడదు. 10 సార్లు.

2. గోడ వ్యాయామం: తల, వీపు, పిరుదులు గోడకు ఆనించి నిలబడండి. మడమలు గోడకు అడుగు దూరంలో ఉండవచ్చు. మోచేతులు మడిచి, చేతులు గోడకు ఆనిస్తూ మెల్లగా పైకి జరిపి, మళ్లీ కిందికి దించండి. అందినంత వరకే చాలు. 10 సార్లు.

3. సీసా లాగడం: ఒక చేయి కుర్చీ మీద పెట్టి, నడుము వంకర పోకుండా ముందుకు వంగండి. రెండో చేత్తో అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, బావిలో చేద తోడినట్టు మోచేతిని వెనక్కి లాగండి. ఒక్కో చేతికి 10 సార్లు. వీపుకు ఇది చాలా మంచి వ్యాయామం.

4. బోర్లా పడుకుని లేవడం: చాప మీద బోర్లా పడుకుని, చేతులు పక్కన పెట్టి, చూపు నేల మీదే ఉంచి, ఛాతీని కొద్దిగా పైకి లేపండి. 3 అంకెలు లెక్కపెట్టి దించండి. 8 సార్లు. గర్భవతులు ఇది చేయకూడదు.

అన్నీ ఒక చుట్టుతో మొదలుపెట్టి, రెండో వారం నుంచి రెండు చుట్లు చేయండి. సీసా తేలిక అనిపించినప్పుడు లీటరు సీసా పట్టుకోండి. ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు. బరువు ఇలా పెంచుకుంటూ పోకపోతే కండ పెరగదు. కొద్దిపాటి నొప్పులు రెండు రోజుల్లో పోతాయి. గుచ్చినట్టు నొప్పి వచ్చినా, చేతుల్లో తిమ్మిరి పాకినా ఆపి డాక్టరు గారికి చూపించుకోండి.

బలం కొన్ని వారాల్లోనే తెలుస్తుంది. కంటికి కనిపించే తేడాకు 2 నుంచి 3 నెలలు పడుతుంది. కనుక ముహూర్తం పెట్టుకున్న రోజే వ్యాయామం మొదలుపెట్టండి.

ఏమి తినాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వ్యాయామం చేసేవారికి ఇంకొంచెం ఎక్కువ అవసరం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7, పిడికెడు వేరుశనగ గుళ్లలో 7 గ్రాములు ఉంటాయి. ఒక గుడ్డుతో రోజు గడవదని దీన్ని బట్టి తెలుస్తుంది. పూటపూటకూ పప్పు, పెరుగు, శనగలు, గుడ్డు, చేప, కోడి మాంసం వీటిలో ఏదో ఒకటి కంచంలో ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు గారిని అడిగే తినాలి.

పస్తులు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పెళ్లి ఇంకా నాలుగు రోజులుందనగా ఒక అమ్మాయిని మా క్యాజువాలిటీకి ఎత్తుకొచ్చారు. నెల రోజులుగా కీరదోస ముక్కలు, మజ్జిగ తప్ప ఏమీ తినలేదు. పసుపు దంచే చోట కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8. తల్లి ఏడుస్తూ, "వీపు సన్నబడాలని మాడిందమ్మా" అంది. ఆ పిల్ల బరువు అప్పటికే సరిగ్గానే ఉంది. ఆమె తగ్గించాలనుకున్నది చర్మాన్ని.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అలాంటప్పుడు పస్తులు ఎంత హానో మీరే ఆలోచించండి. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. రెండు మూడు నెలల తరువాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడవచ్చు.

పెళ్లికి ముందు ఆసుపత్రిలో

హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకోండి. షుగరుకు, బీపీకి మాత్రలు వాడుతూ బరువు బాగా తగ్గినవారు తప్పకుండా డాక్టరు గారిని కలవాలి. పాత మోతాదు ఇప్పుడు ఎక్కువై కళ్లు తిరగవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపకూడదు.

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారు విటమిన్, ఐరన్ మాత్రలు మానకూడదు. అంతేకాదు, ఆపరేషన్ అయ్యాక కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. ఇప్పుడు వస్తున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లలో సెమాగ్లూటైడ్‌ను గర్భం కోరుకునేవారు కనీసం 2 నెలల ముందే ఆపాలి. ఈ మాట పెళ్లికి ముందే అడిగి తెలుసుకోండి. సిగ్గుపడవద్దు.

చర్మపు మడతల్లో దురద, ఎర్రదనం ఉంటే మందుల షాపులో క్రీము కొని రాయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే తామర ముదురుతుంది, చర్మం పలచబడుతుంది. స్నానం తరువాత మడతలు తడి లేకుండా తుడుచుకోండి, నూలు బట్టలు వేసుకోండి.

జాకెట్టు సంగతి

తల్లులకు ఒక మాట. బరువు ఇంకా మారుతూ ఉంటే జాకెట్టును రెండు మూడు వారాల ముందు మళ్లీ వేసి చూడండి, కుట్లలో గుడ్డ వదలమని టైలరుకు చెప్పండి. తగ్గాక కూడా పాత కొలత బ్రాలే వాడేవారు ఉన్నారు. సరిగా అమరనిది, బిగుతైనది వీపు మీద మడతలు తెస్తుంది. కొత్తగా కొలత చూసుకుంటే ఆ మడతల్లో కొన్ని ఆ రోజే పోతాయి. వీపు కప్పే జాకెట్టు కావాలని పిల్ల అంటే కుట్టించండి. లోతు మెడ కావాలంటే అదీ ఆమె ఇష్టమే. బంధువుల ముందు "ఆ వీపు చూడు" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటకే పిల్లలు అన్నం మానేస్తారు.

చివరి వారంలో కొత్త వ్యాయామాలు, కొత్త క్రీములు ఏవీ వద్దు. వేళకు తిని, కంటినిండా నిద్రపోండి. పీటల మీద గంటల తరబడి కూర్చునేవారైనా, చర్చిలో నిలబడేవారైనా, పూలదండ బరువు, జడ బరువు మోసేది ఈ వీపు కండలే. పెళ్లి అయ్యాక బిందె ఎత్తేదీ, బిడ్డను ఎత్తుకునేదీ అవే. అందుకే పెళ్లి అయిపోయిందని సీసాలు అటక ఎక్కించకండి. వారానికి రెండు రోజులు అలాగే కొనసాగించండి.

మీకు ఏ సందేహం ఉన్నా ఓపీలో సిస్టర్లను అడగండి.