చెవి కింద గడ్డ: నొప్పి లేదని ఊరుకోవద్దు

(సంఘ కార్యదర్శులు, మహిళా సభ్యుల శిక్షణ తరగతిలో శస్త్రవైద్యుల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



గేదె దవడ కింద వాపు కనిపిస్తే మీరు ఆ పూటే పశువైద్యునికి కబురు పెడతారు. మీ చెవి కింద గడ్డ లేస్తే మాత్రం "నొప్పి లేదు కదా" అని ఏళ్ల తరబడి ఊరుకుంటారు. ఈ రోజు ఆ గడ్డ గురించే నాలుగు మాటలు చెబుతాము.

మనకు లాలాజలం ఊరే పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవి ముందు, దవడ కింద, నాలుక కింద. పెదవుల్లో, అంగిట్లో వందలాది చిన్న గ్రంథులున్నాయి. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది సాధారణంగా చెవి దగ్గరి గ్రంథే. ఆ వాపు కొద్ది రోజుల్లో తగ్గుతుంది. అన్నం తినేటప్పుడు వాచి, తర్వాత దిగిపోతుంటే గొట్టంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. వారాలు గడిచినా తగ్గని గడ్డ కణితి కావచ్చు.

ఈ కణితులు అరుదు. చెవి దగ్గర వచ్చేవాటిలో నూటికి సుమారు 80 క్యాన్సర్ కానివే. దవడ కింది గ్రంథిలో క్యాన్సర్ పాలు ఎక్కువ. అంగిట్లోని చిన్న గ్రంథుల్లో మరీ ఎక్కువ. గ్రంథి చిన్నదైన కొద్దీ అనుమానం పెద్దదన్నమాట.

మా వద్దకు ఒక పాడి రైతు సోదరి వచ్చింది. చెవి కింద ఉసిరికాయంత గడ్డను ఎవరో తిమ్మిరి సూది వేసి, చిన్న గాటుతో ఒలిచి తీశారు. కొన్నేళ్లకు అదే చోట నాలుగైదు గడ్డలు లేచాయి. ఆ రకం కణితిని ప్లియోమార్ఫిక్ అడినోమా అంటారు. దాని పైపొర పలుచన. ఒలిచేటప్పుడు చిరిగితే విత్తనాలు రాలినట్లే. రెండోసారి ఆపరేషన్‌లో మచ్చల మధ్య ముఖనాడిని వెదకడం మాకు కష్టమైంది. గడ్డలు తీశాము గాని, ఆమె కన్ను నేటికీ పూర్తిగా మూతపడదు.

పాలను చూసి వెన్న శాతం చెప్పలేము, శాంపిల్ తీయాలి. గడ్డకూ అంతే. ముందు అల్ట్రాసౌండ్, తర్వాత సన్నని సూదితో కణాల పరీక్ష. లోతుగా ఉంటే ఎం.ఆర్.ఐ. సన్నని సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు. సూది పరీక్ష ఒక్కొక్కసారి తేల్చదు. తీసిన ముక్క పరీక్షే చివరి మాట.

కన్ను మూయించే, నవ్వించే ముఖనాడి చెవి దగ్గరి గ్రంథి మధ్యగా సాగి కొమ్మలుగా చీలుతుంది. అందుకే మత్తు ఇచ్చి, నాడిని గుర్తించి, గడ్డను చుట్టూ ఉన్న గ్రంథి భాగంతో సహా తీస్తాము. తర్వాత ముఖం కొంత వంకరైనా, నాడి తెగకపోతే సాధారణంగా వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. క్యాన్సర్ అయితే కొందరికి రేడియేషన్ కూడా అవసరం.

ముఖం వంకర పోవడం, గడ్డ త్వరగా పెరగడం, కదలకుండా బిగియడం, నొప్పి, మెడలో మరో బిళ్ళ: వీటిలో ఏది కనిపించినా ఒక్కరోజు ఆగవద్దు. ఇవేవీ లేకపోయినా, ఏళ్ల తరబడి వదిలేసిన మామూలు కణితి కూడా క్యాన్సర్‌గా మారవచ్చు.

వాతలు పెట్టించకండి, సున్నం బెల్లం పట్టు వేయకండి, గాటు పెట్టించకండి. పాలు పోయడానికి వచ్చే సభ్యులలో ఎవరికైనా అలాంటి గడ్డ కనిపిస్తే, కార్యదర్శులు ఒక్క మాట చెప్పి పెద్దాసుపత్రికి పంపండి. మొదటి ఆపరేషనే సరైన ఆపరేషన్ కావాలి. సెలవు.