అద్దం మీది బాలకృష్ణుడు



దక్షిణాది పాత ఇండ్లలో దేవుని గదిని పరికిస్తే, అచ్చు పటాల నడుమ ఒక్కొక్కచోట అద్దం మీద చేతితో వేసిన పటం కానవస్తుంది. వెన్నకుండను ఒడిసి పట్టిన బాలకృష్ణుడో, యశోద ఒడిలోని పసివాడో అందులో ఉంటాడు. చెన్నై నుండి తిరుపతికి పోయే బాటలో ఉన్న ఈ కనకమ్మ సత్రం పరిసరాలలో పుట్టి పెరిగిన వారికి అటువంటి పటం కొత్తది కాదు. అయితే అది ఎట్లా తయారైనదో తెలిసిన వారు అరుదు.

కాగితం మీద బొమ్మ వేసేవాడు ముందు నేపథ్యాన్ని పరచి, పిమ్మట శరీరానికి రంగు పూసి, చిట్టచివర కంటిపాప దిద్దుతాడు. అద్దం మీద ఇది తలక్రిందులు. చిత్రకారుడు అద్దం వెనుక వైపున వేస్తాడు. చూసేవారు ముందు వైపు నుండి చూస్తారు. కనుక మొదటి గీతే కంటిపాప, కనుబొమ, ముత్యాల పేరు. ఆ తరువాత మేనిఛాయ. అన్నిటికంటె చివర తెర, స్తంభాలు. ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. పేరు వ్రాయదలచుకుంటే అక్షరాలను తిరగవేసి వ్రాయాలి. కంటిపాప వంకరపోయినదని రంగు పూసిన తరువాత గ్రహిస్తే దిద్దే వీలు లేదు. అద్దం కడిగి మళ్ళీ మొదలు పెట్టవలసిందే. ఒకటవ తరగతికి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు.

ఈ విద్య 18వ శతాబ్దిలో చైనా సరుకుతో పాటు ఓడల మీద ఈ దేశానికి వచ్చింది. తంజావూరులో మరాఠా రాజుల కాలాన, ముఖ్యంగా 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి నాటికి, అక్కడి చిత్రకళ మంచి దశలో ఉన్నది. ఆ చిత్రకారులలో రాజులు అనబడే వారు తెలుగు వారు. విజయనగరం పతనమైన పిమ్మట రాయలసీమ నుండి దక్షిణానికి తరలిపోయిన కుటుంబాలవి. కొయ్యపలక మీద బంగారు రేకుతో వేసిన వారి బాలకృష్ణుని పటాలలో ఒక విశేషం ఉన్నది: పసివాడు చుట్టూ ఉన్న పెద్దల కంటె పెద్దగా ఉంటాడు. కొలతలు తెలియక వేసినది కాదు. ఆ ఇంట ఎవరు ముఖ్యులో చిత్రకారునికి బాగా తెలుసు.

అద్దం మీద బొమ్మకు మరొక పద్ధతీ ఉన్నది. అద్దానికి మైనం పూసి, బొమ్మను గీరి, ఆమ్లం పోస్తే గీరిన చోట అద్దమే కరిగి గీత పడుతుంది. తలుపులకు బిగించే హంసల అద్దాలు, పూలకుండీల అద్దాలు కొన్ని అట్లా చేసినవే. ఆ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని 1771లో షీలే పరిశోధించాడు. గాజుసీసానే తినివేస్తుంది గనుక ప్లాస్టిక్ సీసాలో ఉంచుతారు. చర్మానికి తగిలితే ఎముక దాకా పోతుంది. పిల్లల చేతికి అందనీయరాదు.

చెక్కిన గీత తుడిస్తే పోదు. పూసిన రంగు పోతుంది. చెమ్మ తగిలిన గోడ మీద ఏళ్ళ తరబడి వ్రేలాడితే రంగు అద్దాన్ని విడిచి పొరలుగా రాలుతుంది. పండుగకు ఇల్లు కడిగేవారు భక్తితోనే అద్దం వెనుక తడిగుడ్డ పెడతారు. యశోద ముఖం గుడ్డకు అంటుకుని వస్తుంది. చట్రం మార్చమని అంగడికి ఇస్తే, వెనుక అట్టను లాగినప్పుడు దానితో పాటు బొమ్మా ఊడవచ్చును. పాత ఇల్లు కూల్చి మిద్దె కట్టేటప్పుడు కొన్ని పటాలు పాతసామాను వారికి చేరతాయి. కారైక్కుడి పాతవస్తువుల అంగళ్ళకు పోయిన వారు ఎవరి ఇంటివో తెలియని ఎన్నో వస్తువులను అక్కడ చూడవచ్చు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు జరిగినా, ఇండ్లలోని పటాలు, పటం చూపి అమ్మమ్మ చెప్పిన మాటలు తెలుగులోనే మిగిలాయి. ఆ మాటలు వ్రాసి పెట్టిన వారు తక్కువ.

వజ్రోత్సవ సంవత్సరం పూర్తి అయ్యేలోగా పూర్వ విద్యార్థులు తమ ఇంటి దేవుని గదిని ఒకసారి చూడాలని ప్రార్థన. అద్దం పటం ఉన్నట్లయితే దానిని దింపవద్దు, తుడవవద్దు. ఉన్నచోటనే ఫొటో తీయించాలి. ఎవరు తెచ్చినది, ఏ ఊరి నుండి, ఏ పెండ్లికి వచ్చినది అని ఇంటిలోని పెద్దవారిని అడిగి, పిల్లల చేత తెలుగులో ఒక చీటీ వ్రాయించాలి. ఆ చీటీని చట్రపు కొయ్యకు అంటించాలి, అద్దానికి కాదు.