జీతం చీటీ దాచుకోండి
(పురసవాక్కం కార్మికుల సభలో చేసిన ప్రసంగం)



2021లో తమిళనాడు ప్రభుత్వం తన ఉద్యోగుల జీతంలో నెలకు 300 రూపాయలు పట్టుకుని కొత్త ఆరోగ్య బీమా పెట్టింది. మిల్లు కార్మికులం మనకు తప్పనిసరి బీమా 1948 చట్టం నాటిది: ఇ.ఎస్.ఐ. 2019 జూలై నుంచి 12,000 జీతానికి మన వాటా 90 రూపాయలు, యజమాని వాటా 390. వైద్యమే కాదు, జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం రావాలి. సర్కారు ఉద్యోగి బీమాలో ఇది లేదు. వాళ్ళకు జీతంతో సెలవుంది లెండి, మనకేదీ?

అయితే ఆ డబ్బు రావాలంటే ఆరునెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడాలి. బి అండ్ సి మిల్లు 1996లో మూతపడ్డాక మనలో చాలామందిమి కాంట్రాక్టు పనికే మిగిలాం. కాంట్రాక్టరు మన దగ్గర పట్టుకుని జమ చేయకపోతే, మంచం పట్టిన రోజున తిరగాల్సింది మనమే. కట్టే బాధ్యతను చట్టం అసలు యజమాని మీద పెట్టింది. జీతం చీటీ తెచ్చి యూనియన్‌లో చూపండి. జమ పడిందో లేదో కలిసి చూద్దాం, పడకపోతే కలిసే అడుగుదాం.