జేబులోని చాకు
(ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో చాకును గూర్చి ప్రసంగమేమని కొందరికి వింతగా దోపవచ్చును. పుస్తకమునకును కత్తికిని చుట్టరికమేమి? చుట్టరికము కలదు. కాగితము మన దేశమున విరివిగా వాడుకలోనికి రాకపూర్వము మన పెద్దల పుస్తకములు చాలవరకు తాటాకులే. ఆకును కొలతకు కోయుటకును అంచులు సరిచేయుటకును కత్తి కావలెను. వ్రాయుటకు గంటము కావలెను. దక్షిణదేశమున కొన్ని గంటములకు ఒక కొనయందు వ్రాయు ములుకును, రెండవ కొనయందు చిన్న కత్తియు నుండెడివి. ఆ రెండును పిడిలోనికి మడచుకొనునట్లు చేసిన గంటము తమిళదేశమున కలదు. దానిని వారు మడక్కెళుత్తాణి, అనగా మడత గంటము, అందురు. లేఖకుడు దానిని వెంటనుంచుకొని, ఎచ్చట కూర్చుండిన అచ్చటనే ఆకు కోసికొని వ్రాసికొనగలిగెడివాడు. ఒక్క పిడిలో రెండు పనిముట్లు ఇమిడ్చు ఆలోచన ఈ విధముగా పుస్తకములు వ్రాసిన చేతులలో ఏనాడో యుండెను.

ఇంగ్లీషువారు చిన్న మడతచాకును పెన్‌నైఫ్ అందురు. అనగా కలపు కత్తి. పక్షియీకలతో వ్రాయు దినములలో ఈక మొన అరిగిన కొలదిని చెక్కుకొనవలసి యుండెడిది. ఆ పనికై పుట్టిన కత్తికి, ఈకలు పోయి ఉక్కు పాళీలు వచ్చిన తరువాతను, ఆ పేరే నిలిచిపోయినది. మన చాకు అను మాట పారసీకమునుండి హిందుస్తానీ ద్వారా తెలుగునకు వచ్చినది.

పల్లెలో పనిచేయువాడు ఉత్తచేతులతో ఇల్లు వెడలడు. గీతపనివాడు తన కత్తులను నడుమునకు కట్టుకొనియే తాడి చెట్టెక్కును. తాంబూలము వేసికొను పెద్దల సంచిలో అడకత్తెర యుండును. చెప్పులు కుట్టువాని యొద్ద ఆరె యుండును. ఇవన్నియు ఒక్కొక్క వృత్తికి చెందినవి. చాకు ఏ యొక్క వృత్తికిని చెందినది కాదు. త్రాడు కోయుటకు, పండు చెక్కుటకు, ముల్లు తీయుటకు, పిల్లవాని పెన్సిలు చెక్కుటకు అది యొక్కటియే చాలును. వెంటనుండుటయే దాని గొప్పతనము. ఇంటిలో ఎంత మంచి కత్తిపీట యున్నను, పొలము గట్టుమీద పలుపు మెడకు బిగిసి దూడ గిలగిలలాడునపుడు అది అక్కరకు రాదు. మొలలోని చాకు వచ్చును.

మడతచాకు నేటిది కాదు. ఆస్ట్రియా దేశమునందలి హాల్‌స్టాట్ అను చోట సుమారు 2,500 ఏండ్లనాటి మడతకత్తి దొరకినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు ఫిట్జ్‌విలియం మ్యూజియమున రోమకుల కాలపు వెండి పనిముట్టు ఒకటి కలదు. క్రీస్తు తరువాత మూడవ శతాబ్దినాటి దానియందు ఇనుప అలుగు, చెమ్చా, ముల్లుగరిటె, మొన, గరిటెవంటి చిన్న బద్ద, పుల్ల ఒక్క పిడికే అమర్చబడి మడచుకొనుచున్నవి. ప్రయాణము చేయువానికి బరువు శత్రువు. నాలుగు వస్తువుల పని ఒక్కటి చేసిన మేలను బుద్ధి అన్ని కాలములలోను మనుష్యులకు పుట్టినది.

ఇప్పుడు చాకు పనిచేయు విధమును తెలిసికొందము. సాధారణమైన మడతచాకు పిడి వెన్నున ఉక్కుబద్ద యొకటి బిగించియుండును. అలుగు మొదలు చదరముగా చెక్కబడియుండును. అలుగు పూర్తిగా తెరచినపుడు బద్ద ఆ చదరపు ముఖమొకదానిపై అదుముకొని దానిని నిలుపును. మూసినపుడు వేరొక ముఖముపై అదుమును. నడుమ చదరపు మూల బద్దను పైకెత్తును. వ్రేలికి తగులు బిగువును, ఆపైన టక్కుమను చప్పుడును దానివలన కలుగునవే. ఇందొక అపాయము కలదు. బద్ద అలుగును ఆపునే గాని తాళము వేయదు. అలుగు వెన్నువైపునుండి బలము పడినచో అది మూసికొని వ్రేళ్లను తెంచును. కావున తాళములేని మడతచాకుతో కోయవలెనే గాని పొడువరాదు. ఫ్రాన్సు దేశమున సవాయి పర్వతప్రాంతమున జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడియు ఒక్క అలుగును గల చవుక చాకును చేయ మొదలిడెను. రైతులును పశువుల కాపరులును దానిని ఆదరించిరి. 1955లో అతని కుమారుడు మార్సెల్ ఒపినెల్ పిడి కొనకు త్రిప్పు కడియమొకటి తొడిగెను. చీలికగల ఆ కడియమును కొంచెము త్రిప్పినచో అలుగు మూసికొనదు. ఒక్క చిన్న కడియము ఎన్నో వ్రేళ్లను కాపాడినది.

అయితే లోకమున అందరికంటె ఎక్కువ పేరు వచ్చిన జేబుకత్తి స్విట్జర్లాండుది. నేడు ఆ దేశము సంపన్నము. పందొమ్మిదవ శతాబ్దియందు మాత్రము అందలి కొండపల్లెలనుండి జీవనముకొఱకు అనేకులు అమెరికా మొదలగు దేశములకు వలసపోయిరి. కార్ల్ ఎల్సెనర్ 1860లో ష్విజ్ ప్రాంతమున టోపీలు చేయువారి యింట జన్మించెను. తండ్రి పని విడిచి, జుగ్ పట్టణమున కత్తుల పని నేర్చెను. పారిస్‌లోను, జర్మనీలోని టుట్లింగెన్‌లోను కూలివానిగా పనిచేసి చేయి తిరిగిన పిమ్మట, 1884లో ఈబాఖ్ అను గ్రామమునకు వచ్చి కార్ఖానా పెట్టెను. ప్రక్కనున్న వాగు నీటితో తిరుగు చక్రము అతని సానరాళ్లను త్రిప్పెడిది. తల్లి విక్టోరియా అతడు చేసిన కత్తులను దుకాణమున అమ్మెడిది.

ఆ దినములలో స్విస్ సైన్యమునకు 1889 నమూనా కొత్త తుపాకి వచ్చినది. దానిని విప్పుటకు స్క్రూడ్రైవరు కావలెను. సిపాయికి డబ్బాలలోని ఆహారమును తెరచు సాధనమును కావలెను. కావున అలుగు, ఆరె, డబ్బా తెరచునది, స్క్రూడ్రైవరు నాలుగును గల కత్తి ప్రతి సిపాయికి ఈయవలెనని ప్రభుత్వము నిశ్చయించెను. ఆ కత్తులను అన్నింటిని చేయగల పెద్ద కార్ఖానా స్వదేశమున లేకపోవుటచే మొదటి కత్తులు జర్మనీలోని జోలింగెన్‌నుండి వచ్చినవి. తమ సిపాయి జేబులోని కత్తి పరాయిదేశపుదగుట ఎల్సెనర్‌కు సహింపరాని మాటయైనది. అతడు స్వదేశపు కత్తిపనివారిని కూడగట్టి ఒక సంఘమేర్పరచి, 1891లో మొదటి పంపకమును సైన్యమున కందించెను.

ఇంతవరకు వినినచో ఇది సులభమైన కథవలె నుండును. కాని జోలింగెన్‌లోని పెద్ద కార్ఖానాలు అదే కత్తిని తక్కువ వెలకు చేయగలిగెను. సంఘమునందలి వారు ఒక్కొక్కరుగా తప్పుకొనిరి. ఎల్సెనర్ ఒక్కడు మిగిలెను. అప్పులు పెరిగి దివాలా ద్వారమునకు వచ్చెను. బంధువులును, అప్పులిచ్చినవారును ఓర్పు వహించి ఆదుకొనుటచే కార్ఖానా నిలిచినది. అతడు పని విడువక, మరింత తేలికయైన, చక్కనైన కత్తిని ఆలోచించెను. 1897 జూన్ 12న అధికారుల కత్తి యను పేర దానికి చట్టరీత్యా రక్షణ పొందెను. దానియందలి కిటుకు చిన్నది. పిడికి ఒకవైపుననే కాక రెండు వైపులను పనిముట్లను అమర్చి, ఒకే బద్ద రెండు వైపుల పనిముట్లను అదుమునట్లు చేసెను. ఆరు పనిముట్లకు రెండు బద్దలే చాలినవి. బరువు తగ్గినది, పని పెరిగినది. చిన్న అలుగును, బిరడా తీయు మెలిచుట్టు ముల్లును అందు చేరినవి. సైన్యము ఈ కత్తిని అధికారికముగా తీసికొనలేదు. అయినను అధికారులు సొంత డబ్బుతో కొనిరి. రెండవ ప్రపంచ యుద్ధము పిమ్మట అమెరికా సిపాయిలు దీనిని విరివిగా కొని, దాని జర్మను పేరు నోరు తిరుగక, స్విస్ ఆర్మీ నైఫ్ అని పిలిచిరి. ఆ పేరే లోకమంతట వ్యాపించినది.

1909లో తల్లి మరణించెను. ఎల్సెనర్ తన కత్తులకు ఆమె పేరు పెట్టెను. 1921లో తుప్పుపట్టని ఉక్కు వాడుకలోనికి రాగా, దానికి ఫ్రెంచివారు వాడు ఇనాక్స్ అను మాటను తల్లి పేరునకు చేర్చి విక్టోరినాక్స్ అనిరి. ఎర్రని పిడిపై తెల్లని శిలువగల ఆ కత్తి పేరులో సగము తల్లి, సగము ఉక్కు.

ఉక్కు ప్రస్తావన వచ్చినది గనుక ఒక్క మాట. తెలుగువారికి ఉక్కు కొత్త కాదు. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కుకొఱకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ ఉక్కు గట్టిది గాని తుప్పునకు లోబడునది. 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డున హారీ బ్రియర్లీ ఇనుమునందు క్రోమియము తగుపాళ్లలో కలిపి తుప్పుపట్టని ఉక్కు చేసెను. ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచుట, మరల కొంచెము కాచి పెళుసుదనము తీయుట మన కమ్మరికి తెలిసిన విద్యయే. స్విస్ కత్తియందు ఆ విద్య ఎంత నిక్కచ్చిగా నడచునో చూడుడు. గట్టిదనమును కొలుచు రాక్‌వెల్ మానములో అలుగు 56, స్క్రూడ్రైవరును డబ్బా తెరచునదియు 52, వెన్నుబద్ద 49. అలుగు పదును నిలుపవలెను గనుక గట్టిది. స్క్రూడ్రైవరు మెలిపెట్టినపుడు విరుగరాదు గనుక కొంత మెత్తనిది. బద్ద వేలమార్లు వంగి లేవవలెను గనుక ఇంకను మెత్తనిది. ఎవరి పనికి తగిన గుణము వారికుండుటయే బలమను సంగతి ఒక్క పిడిలోనే కనబడుచున్నది.

ఈ కత్తికి పెద్ద కష్టము 2001లో వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 11న అమెరికాలో జరిగిన దాడుల పిమ్మట విమానమున చేతిసంచిలో కత్తులను నిషేధించిరి. విమానాశ్రయ దుకాణములలో అమ్మకము ఆగిపోయినది. ఈబాఖ్ కార్ఖానా పనివారిని తీసివేయలేదు. కొందరిని ఇతర కార్ఖానాలకు తాత్కాలికముగా ఎరువిచ్చి, పని వచ్చినపుడు మరల పిలిచికొనెను. అంతకు ముందు మంచి కాలమున లాభములను కూడబెట్టియుంచుటవలననే ఇది సాధ్యమయ్యెను. 2000లోనే కుటుంబమువారు వాటాలలో నూటికి 90 వంతులు ఒక నిధిసంస్థకు చేర్చిరి. 2005లో తమవలెనే సైన్యమునకు కత్తులు చేయుచు కష్టములలో పడిన వెంగర్ సంస్థను కొనిరి. 2017 నాటికి 50 కోట్ల కత్తులు ఆ పల్లెనుండి వెలువడినవి.

అమెరికాలో మరియొక మార్గము తెరచిన వాడు టిమ్ లెదర్‌మన్. 1975లో భార్యతో కలసి పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుచు, కారును, బసలలోని నీటి గొట్టములను బాగుచేయవలసినప్పుడెల్ల జేబుకత్తి చాలక విసిగెను. అతనికి కావలసినది పటకారు, మనవారు కటింగ్ ప్లేయరు అనునది. అట్టదళసరి కాగితము కత్తిరించి నమూనాలు చేసెను. నెల దినములలో ముగియుననుకొన్న పని మూడేండ్లు పట్టినది. కంపెనీలు కాదనినవి. ఇది చాకు కాదని చాకుల వారును, పనిముట్టు కాదని పనిముట్ల వారును త్రోసివేసిరి. మిత్రుడు స్టీవ్ బెర్లినర్‌తో కలసి 1983లో సొంతముగా అమ్మకమునకు పెట్టెను. నేడు పటకారు నడుమనుండి చాకులు విచ్చుకొను పనిముట్టు ఎలెక్ట్రికల్ పనివారి నడుమునను, మెకానిక్కుల సంచిలోను కనబడుచున్నది.

చాకును చేతబట్టువారు తెలిసికొనవలసిన ధర్మములు కొన్ని కలవు. మొద్దుచాకు పదునైన చాకుకంటె అపాయకరము. మొద్దుచాకునకు బలము పెట్టవలెను. బలము పెట్టిన చేయి జారును. సానరాతిపై నీటితో పదును పెట్టుడు. అలుగును శరీరమునకు దూరముగా నడుపుడు. ఇతరులకిచ్చునపుడు మూసి యిండు. పండు కోసిన పిమ్మట కడిగి తుడిచి, కీలునందు ఒక్క చుక్క నూనె వేయుడు. చాకుతో మేకులు ఊడదీయకుడు, రాళ్లు పెకలింపకుడు. పిల్లలకు చాకు ఇచ్చునపుడు ప్రక్కన కూర్చుండి నేర్పుడు. దాచిపెట్టిన చాకు పిల్లవాడు దొంగతనముగా తీసిననాడే వ్రేలు తెగును.

మరియొక ధర్మము ముఖ్యము. కల్లు దుకాణమునకును, గట్టు తగాదాకును, తిరునాళ్లలోని గుంపునకును చాకుతో పోరాదు. కోపము ఒక్క నిమిషముండును. గాయము బ్రతుకంతయు నుండును. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము క్రింది నియమములు 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగులున్న కత్తులను ఆయుధములుగా లెక్కించి, ఇంటిపనికి, సేద్యమునకు, శాస్త్రమునకు, పరిశ్రమకు చేసినవానిని విడిచిపెట్టినవి. చట్టము కొలతతోపాటు ప్రయోజనమును సైతము చూచినది. ఒక్క ఉక్కు ముక్కయే ఒకని చేతిలో పనిముట్టు, వేరొకని చేతిలో నేరము. విమానమెక్కువారు చాకును చేతిసంచిలో గాక, విమానమువారికి అప్పగించు పెట్టెలో ఉంచవలెను.

నేడు ప్రతివాని జేబులోను ఫోను చేరినది. గడియారము, దీపము, ఉత్తరము, పటము అన్నియు అందులో ఇమిడినవి. అయినను అది త్రాడు కోయదు, మరమేకు త్రిప్పదు. తెలిసికొనుట ఒకటి, చేయుట ఒకటి. రెండును ఒకే మనిషియందు కలసిననాడే పల్లెకు బలము. ఎల్సెనర్ వలె పరాయి ఊళ్లలో పని నేర్చిన యువకులు మన గ్రామములందును పలువురు కలరు. వారిలో ఎందరు తిరిగివచ్చి వాగు ప్రక్కన చక్రము కట్టగలరు? అది వారి ధైర్యముపైననే గాక, అప్పులిచ్చినవారి ఓర్పుపైనను, కొనువారి అభిమానముపైనను ఆధారపడియుండును. ఈబాఖ్ కార్ఖానా నిలిచినది ఒక్కని ప్రతిభవలన కాదు. చుట్టునున్నవారు కష్టకాలమున చేయి విడువకపోవుటవలన.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చదువు చెప్పినది. ఇకమీదట కావ్యములు, కథలు, పత్రికల సరసన కమ్మరము, వడ్రంగము, యంత్రముల మరమ్మతు, ఉక్కు గుణములను గూర్చిన పుస్తకములకు ఒక బీరువా కేటాయించినచో, సాయంకాలము పని ముగించి వచ్చు యువకుడు తన చేతిపనికి తోడు కాగల పుస్తకమును ఇచ్చటనే వెదకుకొనగలుగును. ఆ బీరువాకు తలుపులు బిగించు వడ్రంగియు, గొళ్లెము కొట్టు కమ్మరియు ఈ సభలోనే కూర్చుండియున్నారు.