పనివాడి చేతికి టార్చిలైటు – వాడి చూసిన అనుభవం

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల పిల్లల్లోనూ మనుమలలోనూ ఐ.టి.ఐ. పూర్తిచేసి ఎలక్ట్రీషియన్, ప్లంబర్, మోటారు మెకానిక్ పనుల్లో ప్రవేశించిన వారిని ఏటా సన్మానిస్తున్నాం. ఈసారి శాలువాకు బదులు పనికొచ్చే వస్తువొకటి ఇద్దామని కార్యవర్గం తీర్మానించింది. ఒక మిత్రులు చిన్న టార్చిలైటు సూచించారు. జానెడు కూడా లేదు, చొక్కా జేబులో పడుతుంది. ముందువైపు దూరపు లైటు, పక్కన వెడల్పు లైటు, ఎర్ర లైటు, అడుగున అయస్కాంతం, తగిలించుకోవడానికి క్లిప్పు, సెల్‌ఫోను చార్జింగు చేసుకునే వీలు. ఇవి చాలవన్నట్లు కరెంటు ఉందో లేదో చెప్పే టెస్టరు కూడా అందులోనే ఉంది. “ఇన్నేళ్లు లైన్ల మీద తిరిగినవారు, కొనే ముందు మీరు వాడి చూసి చెప్పండి” అని ఒకటి కొని నా చేతిలో పెట్టారు. రెండు నెలలు వాడాను. ఈ ప్రసంగం ఆ పరీక్ష తాలూకు నివేదిక.

నివేదికకు ముందు ఒక పాత సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను ఈ వస్తువును ఎందుకింత అనుమానంగా చూశానో మీకు బోధపడదు.

అప్పట్లో మన చేతుల్లో ఉండేవి రెండు సెల్లుల ఎవరెడీ టార్చీలు. సెల్లు నీరసిస్తే ఎండలో పెట్టి మరో రెండు రోజులు లాగేవాళ్లం. ఆ అలవాటు ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1980ల్లో ఒక వానాకాలం రాత్రి, ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర హెచ్.జి. ఫ్యూజు పోయింది. నేనూ, మా హెల్పరూ వెళ్లాం. ఏ.బి. స్విచ్చి హ్యాండిలు కిందికి లాగి, టార్చి పైకి వేశాను. మూడు బ్లేడ్లూ తెరుచుకున్నాయో లేదో కింద నుంచి కంటితో చూసి నిర్ధారించుకోవడం మన పద్ధతి. ఎండబెట్టిన సెల్లులు, పసుపు పచ్చటి మసక వెలుగు, పైన జల్లు. రెండు బ్లేడ్లు కనిపించాయి. మూడోది కూడా తెరుచుకునే ఉంటుందని నా మనసు చెప్పింది. “అన్నా, మూడూ తెగాయా?” అని అడిగాడు. “తెగాయి, ఎక్కు” అన్నాను. డిశ్చార్జి రాడ్డు వేసి ఎర్తు చేయకుండానే ఎక్కనిచ్చాను. మూడో బ్లేడు ఇరుక్కుపోయి ఉంది. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మోచేతి వరకు తీసేయవలసి వచ్చింది.

తప్పు టార్చిది కాదు, నాది. కాని ఆ రాత్రి నేర్చుకున్నది ఒకటుంది. వెలుతురు చాలనప్పుడు కన్ను “కనపడలేదు” అని చెప్పదు. కనపడని దాన్ని మనసు పూరించేస్తుంది. కాబట్టి పనివాడి టార్చిని నేను ఒకే ప్రశ్నతో పరీక్షించాను. పని ఆఖరి గంటలో, వానలో, ఒక చెయ్యి పనిలో ఉన్నప్పుడు ఇది మూడో బ్లేడును చూపిస్తుందా? చూపించలేకపోతే ఆ మాట ముందుగా చెబుతుందా?

ఇక పెట్టె మీది అంకెల సంగతి. 1000 ల్యూమెన్లు, 100 మీటర్లు, 10 గంటలు అని రాసి ఉంది. ల్యూమెను అంటే లైటు నుంచి అన్ని వైపులకూ వెలువడే మొత్తం వెలుతురు. ఒక దిక్కుగా ఎంత గట్టిగా పడుతుందో చెప్పేది క్యాండెలా. ఈ రెంటినీ కలిపి కంగారుపడకూడదు. అమెరికాలో తయారీదారులు 2009లో టార్చీల కొలతకు ఎఫ్.ఎల్.1 అనే ప్రమాణం పెట్టుకున్నారు. ఇప్పుడు చాలా పెట్టెల మీద కనిపించే గుర్తులు దానివే. దాని ప్రకారం దూరం అంటే వెలుతురు పావు లక్సుకు తగ్గే చోటు. పావు లక్సు అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల. వెన్నెల్లో దారి కనిపిస్తుంది గాని ఫ్యూజు తీగ కనిపించదు.

లెక్క సులువే. క్యాండెలాను దూరం వర్గంతో భాగిస్తే లక్సు వస్తుంది. 100 మీటర్ల టార్చికి 2500 క్యాండెలాలు ఉన్నట్లు. ఎనిమిది మీటర్ల ఎత్తున ఉన్న బ్లేడు మీద 2500ను 64తో భాగిస్తే 39 లక్సులు పడతాయి. ఇది బాగానే చాలుతుంది. అయితే ఆ 10 గంటల మాట చూడండి. అదే ప్రమాణం ప్రకారం, మొదటి వెలుతురు పదో వంతుకు పడిపోయే వరకు గడిచిన కాలాన్ని గంటల్లో లెక్కిస్తారు. అంటే ఆఖరున బ్లేడు మీద పడేది 4 లక్సులే. పెట్టె లెక్కలో అప్పటికీ టార్చి వెలుగుతున్నట్లే. నా ఆ రాత్రి టార్చి కూడా వెలుగుతూనే ఉంది.

గడియారం దగ్గర పెట్టుకుని మూడుసార్లు చూశాను. అన్నిటికన్నా ఎక్కువ వెలుగులో పెడితే మూడు నిమిషాలకే ఒళ్లు కాలి, తనంతట తానే తగ్గిపోతుంది. ఇంత చిన్న ఒంటికి ఆ వేడిని బయటికి పంపే జాగా లేదు. ఇది లోపం కాదు, ఏ చిన్న టార్చికైనా తప్పనిదే. కాని అమ్మేటప్పుడు చూపించేది ఆ మొదటి నిమిషమే. మధ్య రకం వెలుగులో మూడున్నర గంటలు ఒకే తీరుగా వెలిగింది. ఇది మెచ్చుకోదగినది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. పాత టార్చి పచ్చబడుతూ, నీరసిస్తూ “నా పని అయిపోయింది” అని ముందే చెప్పేది. లిథియం బ్యాటరీ టార్చి లోపలి సర్క్యూటు చివరిదాకా నిబ్బరంగా నిలబెట్టి ఉన్నట్లుండి వదిలేస్తుంది. కాబట్టి బ్యాటరీ ఎంత మిగిలిందో చూపే చిన్న దీపం తప్పనిసరి. దీనికి ఉంది, కాని టార్చి వేసిన మొదటి ఐదు క్షణాలే వెలుగుతుంది.

రెండో పరీక్ష రంగులది. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ వైర్ల ముక్కలు, పాతవీ కొత్తవీ కలిపి చీకటి గదిలో పెట్టి చూశాను. కొత్తవి తెలిశాయి. పాత ఎర్ర వైరు మాత్రం మట్టిరంగుగా కనిపించింది. కారణం ఏమంటే, తెల్ల ఎల్.ఇ.డి. నిజానికి నీలి ఎల్.ఇ.డి. మీద పసుపు పూత పూసినది. నీలి ఎల్.ఇ.డి. కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చవకరకం పూతలో ఎరుపు పాలు తక్కువ, అందుకని ఎర్ర వస్తువు దిగులుగా కనిపిస్తుంది. పెట్టె మీద సి.ఆర్.ఐ. 90 లేక అంతకు పైన అని ఉన్న రకంలో ఈ చిక్కు తగ్గుతుంది. వెలుతురు కాస్త తక్కువైనా సరే, బోర్డు విప్పేవాడికి అదే మేలు.

పక్కన ఉన్న వెడల్పు లైటు నాకు బాగా నచ్చింది. దూరపు లైటును ఇనుప పెట్టెలోకి వేస్తే రేకు మీద పడి కళ్లలో కొడుతుంది. వెడల్పు లైటు నీడలు లేకుండా పరుచుకుంటుంది. మా వీధి ప్లంబరు సింకు కింద పెట్టుకుని పైపు కీలు బిగించాడు. పొలంలో రాత్రి కరెంటు వచ్చే వేళకు స్టార్టరు పెట్టె తెరిచే రైతుకు కూడా ఇదే కావాలి. ముందు దూరపు లైటు వేసి కాళ్ల దగ్గర పామూ పుట్రా చూసుకోవాలి, తర్వాత పెట్టె తలుపుకు తగిలించి వెడల్పు లైటు వేసుకోవాలి.

అయస్కాంతం ఇనుప తలుపుకు, ట్రాన్స్‌ఫార్మరు ట్యాంకుకు గట్టిగా పట్టుకుంది. సిమెంటు స్తంభానికి, అల్యూమినియానికి, ప్లాస్టిక్ పెట్టెకు పట్టదు గదా! కాబట్టి మెడకు వేసుకునే తాడు కూడా ఉండాలి. దీని ఒళ్లు లోహం. 415 వోల్టుల బస్‌బార్ల పైన చేయి జారితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. రబ్బరు తొడుగు ఉన్నదే కొనాలి. మరొక మాట మన వయసు వారికి. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు ఈ టార్చిని చొక్కా జేబులో పెట్టుకోవద్దు. అయస్కాంతాన్ని పేస్‌మేకరుకు కనీసం ఆరంగుళాల దూరంలో ఉంచాలి.

నీటి సంగతి. దీని మీద ఐ.పి.ఎక్స్.4 అని ఉంది. జల్లు పడితే ఫరవాలేదని దాని అర్థం. ఎక్స్.7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. మన వానలకు, సంపుల్లో దిగే ప్లంబరుకు ఎక్స్.7 ఉంటే మంచిది. బ్యాటరీ తీసి మార్చుకునే రకం అయి ఉండాలి. 18650 అనే కొలత, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న బ్యాటరీ విడిగా దొరుకుతుంది. దాని మీద 9900 ఎం.ఏ.హెచ్. అని ఉంటే నమ్మకండి. పేరున్న మంచి రకాలు 3500 దరిదాపుల్లో ఉంటాయి.

ఇక టెస్టరు. అందరూ ముచ్చటపడినది దీన్ని చూసే. తీగను తాకకుండానే కరెంటు చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టి కూత పెడుతుంది. ప్లగ్గు దగ్గర కూసింది. మా మేడ బోరు మోటారు నడుస్తుండగా దాని ఆర్మర్డు కేబులు మీద పెట్టాను. కూయలేదు. పైన ఎర్తు చేసిన ఇనుప కవచం ఉంది కాబట్టి క్షేత్రం బయటికి రాదు. యంత్రం తప్పు లేదు, దాని స్వభావం అంతే. పైగా లైటుకూ టెస్టరుకూ ఒకే బ్యాటరీ. అది అయిపోతే రెండూ కలిసి మూగబోతాయి. కూత పెడితే కరెంటు ఉన్నట్లు. కూత పెట్టకపోతే కరెంటు లేనట్లు కాదు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రవాడికి ఈ తేడా తెలియదు. కూయలేదు గనక లేదు అనుకుంటాడు. నేను ఆ రాత్రి “తెగాయి” అన్న మాటకూ దీని మౌనానికీ నాకు భేదం కనిపించలేదు. టెస్టరు ఏదైనా ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందని చూడాలి, తర్వాత పనిచేసే చోట పెట్టాలి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. లైన్ల మీదయితే లైన్ క్లియరు, డిశ్చార్జి రాడ్డు, ఎర్తింగు తప్ప మరో దారి లేదు.

ఆఖరి పరీక్ష నేను చేయలేదు. ఆనాటి మా హెల్పరు ఆ తర్వాత ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఆయన అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ చెప్పాను. టార్చి పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. పనివాడికి ఎప్పుడూ ఒక చెయ్యే ఖాళీ ఉంటుంది, కాబట్టి ఒంటి చేత్తో వాడి చూసినవాడి మాటే చెల్లుతుందనుకున్నాను. స్విచ్చి బొటనవేలికి అందింది, బాగుందన్నాడు. క్లిప్పు ఒంటి చేత్తో తగిలించాడు. తడి చేత్తో చార్జింగు మూత మాత్రం తీయలేకపోయాడు. వెలుగులు మారడానికి ఒకే స్విచ్చిని నాలుగుసార్లు నొక్కాలి. మధ్యలో లైటు గుప్పుగుప్పున కొట్టుకునే రకం కూడా వస్తుంది. “అన్నా, స్తంభం మీద ఉన్నప్పుడు ఇలా కళ్లలో కొడితే ఎట్లా?” అన్నాడు. నేను రెండు నెలలు వాడి కూడా ఆ మాట రాసుకోలేదు. టెస్టరు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది పిల్లలకు వద్దులే” అని తిరిగి ఇచ్చేశాడు.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఇది. చిన్న టార్చి ఇవ్వడం మంచి ఆలోచనే. కాని ఈ రకం వద్దు. టెస్టరు లేనిది, రబ్బరు తొడుగుతో, వెడల్పు లైటుతో, మార్చుకునే బ్యాటరీతో, ఎప్పుడు చూసినా బ్యాటరీ ఎంతుందో చూపేది, దూరపు వెలుగూ వెడల్పు వెలుగూ తప్ప వేరే ఆటలు లేనిది చూద్దాం. టెస్టరుకూ తక్కిన హంగులకూ పోసే డబ్బుతో ఒక్కొక్కరికి అదనపు బ్యాటరీ ఇవ్వవచ్చు. టార్చితో పాటు ఒక చిన్న కాగితం మీద మూడు మాటలు అచ్చు వేయిద్దాం. పనికి బయలుదేరే ముందు బ్యాటరీ చూసుకో. కనపడలేదంటే కనపడలేదని చెప్పు. టార్చి చూపిస్తుందేగాని కరెంటు తీసేయదు.

మరొక్క కోరిక. ఆ టార్చీలను పిల్లలకు అందించేది నేను కాకుండా, మా తమ్ముడు తన ఎడమ చేత్తో అందించాలని సభ వారిని వేడుకుంటున్నాను. ఆయన ఒప్పుకున్నాడు.