అందఱు రోసిన హాస్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ శుభదినమున నన్నొక కావ్యమును గూర్చి ప్రసంగింపుమని పెద్దలు కోరిరి. నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసికొని, రాత్రులందు ఈ గ్రంథాలయపు పుస్తకముల సాయమున భారతమును, నాట్యశాస్త్రమును కూడబలుకుకొన్నవాడను. అయినను నేడు కావ్యమును విడిచి, పెక్కుమంది ఛీకొట్టిన ఒక సినిమాను గూర్చి విన్నవింతును. కారణము చివర మీకే తెలియగలదు.

ఆ చిత్రము పేరు ‘కుంగ్ పౌ: ఎంటర్ ది ఫిస్ట్’. 2002లో అమెరికాలో విడుదలయ్యెను. దాని పుట్టుకయే విచిత్రము. 1976లో హాంగ్‌కాంగ్‌కు చెందిన జిమ్మీ వాంగ్ యూ, తానే నాయకుడును దర్శకుడునై, ‘టైగర్ అండ్ క్రేన్ ఫిస్ట్స్’ అను పోరాటచిత్రమును తీసెను. తరువాత స్టీవ్ ఓడెకర్క్ అను అమెరికా హాస్యకారుడు ఆ పాత చిత్రమును గైకొని, అందలి నాయకుని తొలగించి, కంప్యూటరు సాయమున ఆ స్థానమున తానే నిలిచెను. కొన్ని దృశ్యములను క్రొత్తగ తీసి చేర్చెను. పాత మాటలను తుడిచివేసి, దాదాపు పాత్రలన్నిటికిని తానే గొంతు మార్చి మార్చి మాటలు పలికెను.

కథ తన కుటుంబమును చంపిన దుర్మార్గునిపై ఒక యువకుడు పగ తీర్చుకొనుట. ఆ యువకుడు పసికందుగ నున్నపుడే ఘాతుకునితో కలియబడును. అతని నాలుకకు వేఱొక ముఖముండును. అందఱిని గడగడలాడించు ప్రతినాయకుడు, తన్నిక ‘బెట్టీ’ యను ఆడుపేరున పిలువవలయునని శాసించును. నాయకుడొక ఆవుతో ద్వంద్వయుద్ధమునకు దిగగా, ఆ ఆవు పాలధారలనే బాణములుగ ప్రయోగించును. గోవును పూజించు మనకిది కటువుగ తోచవచ్చును. కాని ఆ పోరాడు ఆవు కంప్యూటరు కల్పన.

విమర్శకులు దీనిని చీల్చి చెండాడిరి. మా మేనల్లుని యింట చూచినపుడు కొందఱు నడుమనే లేచిపోయిరి. నేను కన్నుల నీరు కాఱునట్లు నవ్వితిని. “బావా! భారతము చదివిన నీవు దీనికి నవ్వుటయా?” అని మా బావమఱది అడిగెను. భారతము చదివితిని గనుకనే నవ్వితినని చెప్పితిని.

విరాటపర్వమునందలి ఉత్తరుని తలచుకొనుడు. అంతఃపురకాంతల యెదుట కౌరవసేనను తానొక్కడే గెలుతునని పలికి, ఆ సేన కంటబడినంతనే రథము దిగి పరుగెత్తినవాడు. వీరము మాటలందుండి మనిషియందు లేకపోవుటచేత మనకు నవ్వు వచ్చును. ఏ రసమైనను తగని చోట ఆభాసమైనపుడు హాస్యమునకు దారితీయునని అభినవగుప్తుడు వివరించెను. ఈ చిత్రమంతయు అట్టి వీరాభాసమే. పాత చిత్రములోని నటులు కడు గంభీరముగ నటించినవారు. తామొక ప్రహసనములో నుందుమని వారెఱుగరు. ముఖము వీరము, మాట వికటము. పెదవుల కదలికకును మాటకును పొత్తు కుదరకపోవుట, అనువాదచిత్రములు చూచిన మనకు క్రొత్త గాదు. ఆ దోషమునే ఇతడు పనిముట్టుగ చేసికొనెను.

భరతముని నవ్వును ఆఱు విధములుగ విభజించెను. చిఱునవ్వు మొదలుకొని పక్కలు పట్టుకొని నవ్వు నవ్వు వఱకు అందు గలవు. చివరివానిని అధములకు కేటాయించెను గాని, శాస్త్రమునుండి వెలివేయలేదు. పొంతనలేని ప్రలాపమును సైతము హాస్యకారణములలో చేర్చెను.

ఈ చిత్రమున లోపములు లేవని నేననను. కొన్ని పరిహాసములు మొఱటువి; కొన్ని సాగదీసినవి; స్త్రీ శరీరమును గూర్చిన వెకిలితనమును నేను సమర్థింపను. అవి ఖర్చు పద్దున వ్రాయవలసినవే. అంతమాత్రముచేత జమ పద్దును కొట్టివేయరాదు.

ఇక అసలు మాట. మన గ్రంథాలయమునుండి హాస్యపుస్తకములను తీసివేసి, ఆ బీరువాలో ఉద్గ్రంథములను మాత్రమే ఉంచుదమని ఇటీవల ఒక సూచన వచ్చినది. సూచించినవారి సదుద్దేశమును నేను శంకింపను. కాని హాస్యపుస్తకమును లావుపాటి గ్రంథము క్రింద దాచి తీసికొనిపోవు బాలురను చూచితిని. పుటయైన తెఱువని గ్రంథమును సభలో పొగడు పెద్దలనును చూచితిని. రాని సొమ్మును వచ్చినదని వ్రాయుట దొంగలెక్క. వచ్చినదానిని రాలేదనుటయు దొంగలెక్కయే. కలిగిన ఆనందమును దాచుట ఈ రెండవ జాతికి చెందినది.

తనకేది రుచించెనో చెప్పుటకు నేడు వెఱచు బాలుడు, రేపు తిక్కనను చదివినను పరుల మాటనే పలుకును గాని తన మాట పలుకడు. ఉత్తరుని చూచి నిర్భయముగ నవ్వనేర్చినవానికే, అర్జునుడు గాండీవమును చేపట్టునప్పటి గగుర్పాటు సంపూర్ణముగ దక్కును. అందఱును నవ్విన చోటనే నవ్వవలయునన్న నియమమును ఏ శాస్త్రమును విధింపలేదు.

కావున ఆ బీరువాను అట్లే యుంచుడని కార్యనిర్వాహకులకు నా విన్నపము. అందలి పుస్తకమును బాలుడు ఒడిలో దాచుకొనక, చేతబట్టుకొని వాకిటిగుండ నడచిపోవు గాక. ఇరువదియైదేండ్లు మాకు చదువు చెప్పిన ఈ గ్రంథాలయము నూఱేండ్లు వర్ధిల్లు గాక.